ఈత, ఖర్జూరం ఒక్కటేనా? ఈతకు ఖర్జూర పుప్పొడి కొడితే ఏమైతది?

పరకాల దిక్కు నుంచి ఒక తమ్ముడు అడిగిండు. పొలం గట్టు మీద పదిహేను ఈత చెట్లున్నయట, ఈత ఖర్జూరం ఒక్కటే జాతి అని ఏదో వీడియోల చూసిండట, అట్లయితే ఖర్జూర పుప్పొడి తెచ్చి ఈత గెలలకు కొడితే ఖర్జూర పండ్లు కాస్తయా అని. ఊళ్లె ఒక పెద్దాయన మాత్రం "ఆకు చూడు, అది కొబ్బరి జాతిరా" అంటున్నడట. ఇంకోటి, నర్సరీల ఖర్జూరం అని చెప్పి ఇచ్చిన నాలుగు మొక్కలు నిజంగ ఖర్జూరమేనా ఎట్ల తెల్వాలె అని.

ముందు సూటిగ చెప్త. ఈత, ఖర్జూరం రెండూ ఒకే ప్రజాతి (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు), దాని పేరు ఫీనిక్స్, కానీ రెండు వేర్వేరు జాతులు (స్పీషీస్). ఈత చెట్టుకు ఏ పుప్పొడి కొట్టినా ఈత పండ్లే కాస్తది. పెద్దాయన మాట తప్పు, ఈత కొబ్బరికి దూరపు చుట్టం, తాటికి దగ్గరి చుట్టం. నర్సరీ మొక్కల సంగతి కింద చెప్త, అది చిన్నగున్నప్పుడు జర కష్టమే.

నేను డిగ్రీ కాలేజీల బాటనీ చెప్పి రిటైర్ అయిన, హన్మకొండల ఉంట. అంతకంటె ముందు సంగతి, మాది కల్లు గీసేటోళ్ల ఇల్లు, మా నాయిన ముప్పై ఏండ్లు మోకు ముస్తాదు ఏసుకొని చెట్లెక్కిండు. కాబట్టి ఈ చెట్ల గురించి నాకు సగం క్లాసుల తెలిసింది, సగం వనంల తెలిసింది.

మొదలు ఆ కొబ్బరి సంగతి చూద్దాం. ఆకు ఈకల లెక్క చీలి ఉంటది కాబట్టి ఈత, కొబ్బరి, పోక అన్నీ ఒక గుంపు అనుకుంటరు, తాటాకు విసనకర్ర లెక్క ఉంటది కాబట్టి అది వేరే అనుకుంటరు. చూపుకు అట్లనే ఉంటది, నేనూ ఇంటర్ల అట్లనే అనుకున్న. కానీ ఒక పని చెయ్యుండ్రి, ఈత మట్ట ఒకటి, కొబ్బరి మట్ట ఒకటి తీసుకొని, ఈనె (మట్టకు రెండు దిక్కుల ఉండే చిన్న ఆకు) మట్టకు అతుక్కునే మొదలు కాడ మడత ఎటు తిరిగిందో చూడుండ్రి. ఈతల ప్రతి ఈనె కాలువ లెక్క పైకి తెరుచుకొని ఉంటది, వాన చుక్క పడితే అండ్లనే నిలుస్తది. కొబ్బరిల అదే మడత గూనపెంకు లెక్క బోర్లా ఉంటది, నీళ్లు అటూ ఇటూ జారిపోతయి. ఇగ తాటాకు మడతలు చూడుండ్రి, అవి కూడా ఈత లెక్కనే పైకి తెరుచుకున్న కాలువలే. ఆకు ఈకలెక్కనా విసనకర్ర లెక్కనా అనేదానికంటె ఈ మడత ఎటు ఉంది అనేది చుట్టరికాన్ని బాగ చెప్తది. ఈకల ఆకు ఉండి, మడత పైకి తెరుచుకొని, ఆకు చివర ఒక ఒంటి ఈనెతో ముగిసి, కింది ఈనెలు ముండ్లుగ మారిన తాళవృక్షం (పామ్, అంటే తాటి, కొబ్బరి, ఈత లాంటి చెట్టు) కనబడితే అది ఫీనిక్సే. జీలుగ కల్లు చెట్టుకు కూడ మడత పైకే ఉంటది గానీ దాని ఆకు రెండుసార్లు చీలి, చివర్లు చేప తోక లెక్క ఉంటయి, ముండ్లుండయి.

తాళవృక్షాల కుటుంబాన్ని ఇప్పుడు 5 ఉపకుటుంబాలుగ చేసిన్రు. ఈత, తాటి, జీలుగ, శ్రీతాళం కోరిఫాయిడీ అనే ఉపకుటుంబంల ఉంటయి. కొబ్బరి, పోక అరికాయిడీల ఉంటయి. ఇది కూడ మొదటి నుంచి ఇట్లనే లేదు, 1987ల జెనెరా పామారమ్ అనే పెద్ద పుస్తకం వచ్చినప్పుడు జీలుగను పోక, కొబ్బరి ఉన్న గుంపులనే పెట్టిన్రు, డీఎన్ఏ పని అయినంక 2008ల వచ్చిన రెండో కూర్పుల దాన్ని తాటి దిక్కుకు తెచ్చిన్రు. నేను ఎంఎస్సీల చదువుకున్నది ఒకటి, రిటైర్ అయ్యేటప్పటికి పిల్లలకు చెప్పింది ఇంకోటి. ఫీనిక్స్ మాత్రం ఎవ్వరితోని కలువకుండ ఒంటరిగనే ఉంది, దానికోసమే ఫీనిసీ అని ఒక తెగ పెట్టిన్రు, ఆ తెగల ఉన్న ప్రజాతి ఇదొక్కటే.

మొలిచే తీరు గూడ చూడుండ్రి. కొబ్బరి మొలక కాయ కన్ను కాడికెల్లి అక్కడనే పైకి లేస్తది. తాటి టెంక మాత్రం ముందు ఒక గొట్టాన్ని భూమిలకు దించుతది, మొక్క అండ్ల తయారైతది, మనం తవ్వుకొని తినే గేగు అదే. ఈత గింజ నాటి నెల తర్వాత తవ్వి చూస్తే అచ్చం చిన్న గేగు లెక్కనే, గింజ ఒక దగ్గర, మొక్క దాని కింద ఇంకో దగ్గర. ఇదొక్కటే చుట్టరికానికి సాక్ష్యం కాదు, వేరే తాళవృక్షాలు కొన్ని గూడ ఇట్ల మొలుస్తయి, కానీ పెద్దాయనకు చూపెట్టడానికి పనికొస్తది.

ఇగ ఫీనిక్స్ లోపల ఎన్ని జాతులు? ఇప్పుడు 14 లెక్కేస్తున్నరు. సాషా బారో అనే ఆమె 1998ల లండన్ క్యూ గార్డెన్స్ (మొక్కల పరిశోధన తోట) పత్రికల మొత్తం ప్రజాతిని తిరగరాసినప్పుడు 13 అన్నది, తర్వాత కేప్ వెర్డె దీవుల అట్లాంటికాను కూడ వేరే జాతిగ ఒప్పుకున్నరు. ఆఫ్రికా పక్క అట్లాంటిక్ దీవుల నుంచి మొదలుపెట్టి ఆఫ్రికా, అరేబియా, మన దేశం, వియత్నాం, ఫిలిప్పీన్స్ దాక పరుచుకొని ఉంటయి. అమెరికాల సొంతంగ ఒక్కటి లేదు.

మన దేశంల సహజంగ ఉన్నయి ఎక్కువనే. సుందర్బన్ మడ అడవుల్ల పాలుడోసా, సిక్కిం, భూటాన్ దిక్కు రాతి గుట్టల మీద రూపికోలా, అండమాన్‌ల అండమానెన్సిస్ (దీని గింజ కోస్తే పోకచెక్కల ఉన్నట్టు లోపలికి గీతలు పోతయి, మన ఈత గింజ లోపల మాత్రం సాఫ్‌గ ఉంటది), ఆగ్నేయ తీరం, శ్రీలంక దిక్కు పుసిల్లా. మన దగ్గర ఊరూరా ఉన్నది సిల్వెస్ట్రిస్, అంటే ఈత. ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్ల పొట్టిగ ఉండే చిట్టీత వేరే జాతి, నేను చూసినంత మట్టుకు ఎక్కువ లౌరేరై. ఒకసారి పిల్లలను తాడ్వాయి తీసుకపోతే ఒక పిలగాడు రికార్డుల "లేత ఈత మొక్క" అని రాసిండు. మోకాలెత్తుల గెల కాసి, పండ్లు నల్లగ మాగి ఉన్నయి, లేత మొక్క గెల కాస్తదా అని అడిగితే నవ్విన్రు అందరు. చీపుర్లకు ఎక్కువ కోసుకొచ్చేది ఈ చిట్టీత కమ్మనే. ఇంకొకటి అకాలిస్ ఉంటది, దానికి కాండమే కనబడదు, గెల కూడ భూమిల నుంచే పుట్టినట్టు ఉంటది.

పేర్ల కథ జర చెప్పాలె, ఎందుకంటె మీరడిగిన "ఒక్కటేనా" అనే ప్రశ్న మీద 250 ఏండ్ల కింద కూడ ఇద్దరు పెద్దోళ్లకు ఒప్పుదల లేదు. 1753ల లిన్నేయస్ (మొక్కలకు శాస్త్రీయ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చినాయన) ఖర్జూరాన్ని ఫీనిక్స్ అన్నడు, మన ఈతను మాత్రం ఇలాటే అని వేరే ప్రజాతిల పెట్టిండు. ఆయన ఈత చెట్టును చూసింది లేదు, కేరళ మొక్కల మీద 1678 నుంచి 1693 దాక ఆమ్‌స్టర్‌డామ్‌ల అచ్చయిన హోర్టస్ మలబారికస్‌ల ఉన్న "కాటు ఇండెల్" బొమ్మ చూసి రాసిండు. కాటు అంటే అడివి, ఇండెల్ అంటే ఈంతల్, మన ఈతకు అక్కచెల్లెలు లాంటి మాటే. ఈస్టిండియా కంపెనీ కొలువుల ఉన్న వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ అట్ల కాదు, ఆయన సామర్లకోటల ఏండ్లకేండ్లు ఉండి చెట్టును కండ్లార చూసినోడు. పువ్వు, కాయ, గింజ ఖర్జూరంతోనే కలుస్తున్నయని ఈతను ఫీనిక్స్‌లకు తెచ్చిండు, ఆ పేరు ఆయన పోయినంక 1832ల అచ్చయిన ఆయన పుస్తకం ఫ్లోరా ఇండికాల ఉంది. పుసిల్లాకు ఆయన పెట్టిన పేరు ఫారినిఫెరా, అంటే పిండినిచ్చేది, కరువుల దాని బోదెల పిండి జనం తినేటోళ్లు. గేర్ట్నర్ అనే ఇంకో శాస్త్రవేత్త 1788లనే పుసిల్లా అని పేరు పెట్టి ఉండెగనుక పాత పేరే నిలబడ్డది. నాకైతే ఫారినిఫెరానే నచ్చుతది, కానీ రూలు రూలే.

సరే, ఇగ పుప్పొడి.

ఫీనిక్స్ ప్రజాతి మొత్తంల పోతు చెట్టు వేరే, పెంటి చెట్టు వేరే. తాటి గూడ అంతే, మా నాయిన పోతుతాడు, పండుతాడు అని దూరం నుంచే చెప్పేటోడు. కానీ ఈత చెట్టు చూపెట్టి ఇది పోతా పెంటా అంటే ఆయనకు గూడ వెంటనే చెప్పరాకపోయేది. నాకు చాన ఏండ్లు ఇదొక వింత. తర్వాత అర్థమైంది, తాటికి కల్లు వచ్చేది గెల నుంచి, కాబట్టి గీసేటోనికి గెల ఏదో తెల్వాలె. ఈతకు అట్ల కాదు, మట్టలు కొట్టేసి బోదె పైభాగంల లేత కండను చెక్కుతరు, కల్లు అక్కడికెల్లి కారుతది. పోతయితేంది పెంటయితేంది లొట్టి నిండుతది. అవసరం లేనిదానికి ఎవరు పేరు పెడతరు? అదే కారణానికి మన ఊళ్లల్ల ఈతల పోతు పెంటి లెక్క చెప్పెటోళ్లు తక్కువ. ఒక ఏడు ఒక వైపు, మరుసటి ఏడు ఎదురు వైపు చెక్కుతరు గనుక చెట్టు మీద మెట్లు మెట్లుగ గాట్లుంటయి. మామిడి, వేప లెక్క తాళవృక్షానికి బోదె లావెక్కదు, గాయం పూడదు, గాటు చెట్టున్నన్ని రోజులు అట్లనే ఉంటది. ఆ గాట్లు లెక్కపెట్టి ఆ చెట్టు ఎన్నేండ్లు గీసిన్రో చెప్పొచ్చు. మొవ్వు మాత్రం తెగొద్దు, పెరిగే మొన అదొక్కటే, అది పోతే చెట్టు పోయినట్టే.

మీ పదిహేను చెట్లల్ల పోతు ఏది, పెంటి ఏది అంటే పూసే దినాలల్ల చూడాలె. రెండింటికీ గెల ఒక్క పొర లోపల ఉంటది, పడవ లెక్క చీలుతది. పోతు గెల గుబురుగ, పొట్టిగ ఉండి, చిన్న తెల్లటి పూలు, ఒక్కో పువ్వుల 6 కేసరాలు. తట్టితే పిండి రాలినట్టు పుప్పొడి రాలుతది. పెంటి పూలు గుండ్రంగ జొన్నగింజ లెక్క పుల్లకు అంటుకొని ఉంటయి. ఒక్కో పెంటి పువ్వుల మూడు అండాశయాలు వేర్వేరుగ ఉంటయి, పుప్పొడి పడినంక మామూలుగ ఒక్కటే పండైతది, రెండు ఎండిపోతయి. ఖర్జూరంల పుప్పొడి అసలే అందకపోతే ఒక్కోసారి ఆ మూడూ కలిసి గింజలేని చిన్న పిందెలుగ ఉబ్బుతయి, అవి తినడానికి పనికి రావు.

పుప్పొడి మారిస్తే పండు మారదు ఎందుకంటె, మనం తినే గుజ్జు పూర్తిగ తల్లి చెట్టుది. తండ్రి వాటా గింజ లోపల ఉంటది. మామిడికి ఏ చెట్టు పుప్పొడి పడ్డా బంగినపల్లి బంగినపల్లే కదా, అట్లనే. ఒక్క మెలిక మాత్రం ఉంది. ఖర్జూరంల పుప్పొడి ఏ పోతు చెట్టుది అనేదాన్ని బట్టి పండు సైజు, ముందుగ మాగడం వెనక మాగడం కొంత మారుతది. అమెరికాల నిక్సన్ అనే శాస్త్రవేత్త ఖర్జూర తోటల్ల చూసిన ఈ సంగతికి 1928ల స్వింగిల్ అనే ఇంకో శాస్త్రవేత్త మెటాజీనియా అని పేరు పెట్టిండు. వీడియోలోళ్లు ఈ ముక్క పట్టుకొనే ఈతను ఖర్జూరం చేస్తమంటరు. అది కొద్ది తేడానే, ఈత పండును ఖర్జూరం చేసేంత తేడా కాదు.

నేను ఉత్తగ చెప్పుత లేను, చేసి చూసిన. రంజాన్ల ఒక దోస్తు ఇచ్చిన ఖర్జూరాల గింజలు ఇంటెనక ఏసిన, ఒకటి బతికింది, ఏడేండ్లకు పూసింది, పోతు! మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతది. సరే పుప్పొడన్న పనికొస్తదని, మా ఊళ్లె ఒక పెంటి ఈత చెట్టుకు రెండు గెలలు చీలకముందే పాత ధోతి గుడ్డతోని కట్టి, చీలినంక ఈ పుప్పొడి దులిపి మళ్ల కట్టిన. కాత బాగనే వచ్చింది. పండు మాత్రం ఈత పండే, అదే అంగుళం, అదే పల్చటి గుజ్జు, పచ్చిగున్నప్పుడు అదే వగరు. పక్క గెల పండ్లతోని కలిపి పెడితే మనుమడు ఏరలేకపోయిండు. కానీ ఆ గింజలు నాటితే మొలిచినయి, రెండు కుండీలల్ల ఉన్నయి ఇప్పుడు. ఫీనిక్స్‌ల జాతులు ఒకదానితోని ఒకటి తేలికగ కలుస్తయి, అవి సంకరమే అనుకుంటున్న, పూసినంకనే ఏదన్న చెప్తా. అంటే మారేది ఈ యేటి పండు కాదు, మారితే దాని గింజ నుంచి వచ్చే చెట్టు. అది తినేందుకు పనికొస్తదా లేదా అనేది లాటరీ, సగం పోతులే వస్తయి.

ఈ కలిసిపోయే గుణం వల్లనే ఖర్జూరం పుట్టుక మీద మస్తు పంచాయితీ నడిచింది. ఈతను మచ్చిక చేస్తేనే ఖర్జూరం అయిందని ఒకప్పుడు కొందరు అనుకున్నరు. ఇప్పుడు అది నిలబడదు, 2017ల ఒమన్ కొండల్ల అసలు అడవి ఖర్జూరాలు ఉన్నయని జన్యువులతోని చూపెట్టిన్రు, అవి ఈత కాదు. 2019ల ఇంకో పరిశోధన, ఉత్తర ఆఫ్రికా ఖర్జూరాలల్ల క్రీట్ దీవి జాతి థియోఫ్రాస్టీ రక్తం కలిసి ఉందని తేల్చింది. పోతు పెంటి సంగతి గూడ 14 జాతుల డీఎన్ఏ చదివి 2018ల రాసిన్రు, ప్రజాతి మొత్తానికి పోతుతనం ఒకే చోటి జన్యువుల నుంచి వస్తదని. అన్నట్టు ఇజ్రాయెల్‌ల మసాడా కోటల దొరికిన సుమారు 2000 ఏండ్ల ఖర్జూర గింజను 2005ల మొలిపించిన్రు, మెతూసెలా అని పేరు పెట్టిన్రు, పూసేటాళ్లకు అదీ పోతే. ఇది చెప్పినప్పటి సంది మా ఆవిడ దెప్పుడు జర తగ్గింది.

ఇగ నర్సరీ మొక్కలు. హుజురాబాద్ దిక్కు ఒక రైతు నా దగ్గరికి వచ్చిండు, ఎక్కడో నర్సరీల ఖర్జూరం అని నలభై మొక్కలు కొన్నడు, ఆరేండ్లు నీళ్లు పోసిండు. పోయి చూస్తే ఇరవై దాక ఈతలే, మిగిలినయి గింజతోని వచ్చిన ఖర్జూరాలు, అండ్ల గూడ సగం దగ్గర పోతులు. పాపం ఆయనకు గట్టిగ చెప్పబుద్ధి కాలే. మొదటి రెండేండ్లు రెండింటికీ ఆకు సన్నగ, చీలకుండ ఉంటది, నేను గూడ ఒట్టి చూపుతోని చెప్పలేను. తర్వాత ఈ తేడాలు పట్టుకోవచ్చు:

మొదలు చూడుండ్రి. ఖర్జూరం చుట్టు పిలకలు లేస్తయి. ఈత ఒంటి చెట్టు, పిలకలు పెట్టదు, పెద్దగైతే మొదలు కాడ వేర్లు కుచ్చు లెక్క బయటికి కనబడతయి. ఇది నాకు అన్నిటికంటె నమ్మకం ఉన్న గుర్తు, కానీ పిలకలు తీసేసిన ఖర్జూరం మోసం చేస్తది.

ఆకు. రెండూ బూడిద రంగే. ఖర్జూరం మట్టలు నిటారుగ, బిరుసుగ పైకి పోతయి, ఈనెలు వరుసగ ఉన్నట్టుంటయి. ఈతల ఈనెలు గుంపులు గుంపులుగ నాలుగు దిక్కులకు లేచి, చెదిరిన చీపురు లెక్క ఉంటయి, తల గుండ్రంగ గుబురుగ ఉంటది.

పండు, గింజ. ఈత పండు అంగుళం, అంగుళం పావు, ఖర్జూరం అంగుళంన్నర నుంచి రెండున్నర అంగుళాల దాక. రెండింటి గింజకూ ఒక వైపు నిలువు గాడి, ఎదురు వైపు మధ్యల చిన్న చుక్క ఉంటయి, మొలక ఆ చుక్క నుంచే వస్తది. కొబ్బరికి మూడు కండ్లుంటయి కదా, ఇక్కడ గూడ పెద్దాయన ఓడిపోతడు.

అందానికి అమ్మే చిన్న ఖర్జూరం, మెత్తటి ఆకుల కుండీ మొక్క, రోబెలినీ అనే మూడో జాతి, లావోస్, వియత్నాం దిక్కుది. ఫంక్షన్ హాళ్ల ముందర బోదె ఏనుగు కాలంత లావుగ ఉండేది కెనారియెన్సిస్ అయ్యుండొచ్చు. రెండింటి నుంచి బజార్ల అమ్మే ఖర్జూరాలు ఆశ పెట్టుకోవద్దు.

పండ్ల కోసమే అయితే గింజ మొక్క పెట్టకుండ్రి, పిలక గానీ టిష్యూ కల్చర్ మొక్క గానీ తీసుకోండ్రి, అప్పుడు పెంటి చెట్టే అని, రకం ఫలానా అని తెలుస్తది. మన దగ్గర వానలు జూన్ల పడతయి, పండు మెత్తబడి ఎండేదాక చెట్టు మీద ఆగితే కుళ్లుతది, కాబట్టి పసుపు రంగుల కరకరలాడేటప్పుడే తినగలిగే బర్హీ లాంటి రకం నయం. పోతు ఒకటి ఉంచుకుంటే నలభై యాభై పెంట్లకు సరిపోతది, పుప్పొడి చేత్తోని పెట్టాలె, గాలి మీద నమ్మకం పెట్టుకుంటే కాత తగ్గుతది. కొమ్ము పురుగు, ఎర్రముక్కు పురుగు రెండూ ఖర్జూరాన్ని వదలవు, మొవ్వు కాడ రంధ్రాలు, నమిలిన పీచు కనబడితే లేటు చెయ్యొద్దు.

గట్టు మీద ఈతలను మాత్రం కొట్టేయకుండ్రి. వచ్చే పూతల ఏది పోతో ఏది పెంటో చూసి బోదెకు సున్నంతోని గుర్తు పెట్టుకోండ్రి. నర్సరీ మొక్కలవి మూడు ఫొటోలు పెట్టుండ్రి: మట్ట మొదలు కాడ ముండ్లు, ఈనె అతుక్కున్న దగ్గరి మడత, బోదె భూమిని తాకే చోటు. దూరం నుంచి మొత్తం చెట్టు ఫొటో తీస్తే నాకేం తెల్వది.